లండన్‌లో పాసు కొనాలా, వద్దా: మూడు వేసవుల చిట్టా

గుంటూరు నుంచి బెజవాడకు ఇరవై నాలుగేళ్ళు రైలు సీజన్ టికెట్ మీద ఉద్యోగానికి వెళ్ళొచ్చిన మనిషిని నేను. పర్సులో పాసు లేకపోతే ఇంటి తాళం మరిచిపోయి బయల్దేరినట్టుండేది. అందుకే 2023 వేసవిలో మొదటిసారి లండన్‌లో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, విమానం దిగిన మర్నాడే మా ఆయనతో కలిసి చేసిన మొదటి పని పాసు కొనడం. అది తెలివితక్కువ పని అని తెలియడానికి సరిగ్గా వారం పట్టింది.

తర్వాత 2024లో, 2025లో కూడా వెళ్ళాం. వెళ్ళినప్పుడల్లా మూడు నాలుగు నెలలు ఉన్నాం. రాత్రి పడుకోబోయే ముందు పద్దు రాసుకోవడం నాకు ఉద్యోగంలో పట్టుకున్న జబ్బు, రిటైరైనా వదల్లేదు. ఆ మూడు నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని రాస్తున్నాను. పిల్లల దగ్గరకు వెళ్ళే మా ఈడు వాళ్ళకు ఎక్కువగా పనికొస్తుంది. ఐదు రోజుల టూరుకు వెళ్ళి హోటల్లో దిగేవాళ్ళ లెక్క కొంచెం వేరు, అదీ చెబుతాను.

మేం మొదట కొన్నది ఆయిస్టర్ కార్డు మీద వారం ట్రావెల్‌కార్డు. ఆయిస్టర్ అంటే డబ్బు వేసి పెట్టుకునే ప్లాస్టిక్ కార్డు, 2003 నుంచి ఉంది. అప్పట్లో కార్డు ఖరీదే 7 పౌండ్లు, తిరిగి ఇవ్వరు. 2025 సెప్టెంబరు నుంచి 10 చేశారు. లండన్‌ను ఊరి నడిమధ్య నుంచి బయటికి జోన్లుగా విడగొట్టారు. అమ్మాయి వాళ్ళుండే ఈస్ట్ హామ్‌కు మూడో జోన్ దాకా ఉన్న పాసు చాలు. అలా మనిషికి 47.90 పౌండ్లు, ఇద్దరికీ కలిపి మన డబ్బుల్లో పదివేల దాకా అయింది.

సోమ, మంగళవారాలు బాగానే తిరిగాం. బుధవారం పొద్దుట్నుంచీ వాన. "పాసు ఉంది కదే, వృథా అయిపోతుంది" అని ఈయన గొడుగు పట్టుకుని నన్ను బయల్దేరదీశారు. ఆ తడిసిన కాళ్ళతో గురువారం నా మోకాలు పట్టేసింది. శుక్రవారం అమ్మాయి స్నేహితులు భోజనానికొచ్చారు. శని, ఆదివారాలు అల్లుడు కారులో తిప్పాడు. పాసు సొరుగులో పడుకుంది. మూడు రోజుల తిరుగుడుకు ఏడు రోజుల డబ్బు కట్టాం. పైగా మా అల్లుడు మెల్లిగా చెప్పిన మాట: "అత్తయ్యా, పాసు లేకుండా ఊరికే కార్డు తాకించుకుంటూ తిరిగినా రోజుకింత అని దాటి తీసుకోరు."

అసలు కీలకమంతా ఈ 'క్యాప్' దగ్గరే ఉంది. ఆయిస్టర్‌లో మామూలుగా డబ్బు వేసుకున్నా, మన బ్యాంకు కార్డు నేరుగా తాకించినా, ఎన్నిసార్లు ఎక్కి దిగినా రోజుకొక గరిష్ఠ మొత్తం దగ్గర కోత ఆగిపోతుంది. 2024లో మూడో జోన్ దాకా అది 10 పౌండ్లు. వారానికీ ఒక క్యాప్ ఉంది, 50.20. రెండో జోన్ లోపలే ఉండేవాళ్ళకు రోజుకు 8.50, వారానికి 42.70. ఏటా మార్చిలో ఈ అంకెలు కదులుతుంటాయి, కానీ రోజు, వారం క్యాపుల నిష్పత్తి చూడండి: వారం క్యాప్ రోజు క్యాప్‌కు రమారమి ఐదు రెట్లు. అంటే వారంలో ఐదు రోజులు, అదీ క్యాప్ తగిలేంతగా తిరిగితేనే వారం లెక్కకు అర్థం. అరవై దాటినవాళ్ళం వారంలో ఐదు రోజులు ఎక్కడ తిరుగుతాం? నా పుస్తకంలో అలాంటి వారాలు మూడేళ్ళకూ కలిపి రెండే ఉన్నాయి.

వారం క్యాప్‌లో ఒక మెలిక ఉంది. అది సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. రోజు కూడా మన అర్ధరాత్రి లెక్క కాదు, తెల్లవారుజాము నాలుగున్నర నుంచి మర్నాడు నాలుగున్నర వరకు. ట్రావెల్‌కార్డు అయితే ఏ రోజు నుంచైనా ఏడు రోజులు. ఐదారు రోజుల టూరు వాళ్ళు చూసుకోవాల్సింది ఇదే. గురువారం దిగి మళ్ళీ బుధవారం దాకా, రోజూ పొద్దున్నించి రాత్రి వరకు తిరిగే కుర్రవాళ్ళనుకోండి. కార్డు తాకించుకుంటూ పోతే 2024 ధరల్లో రోజుకు 8.50 చొప్పున ఏడు రోజులకు 59.50 అవుతుంది, ఎందుకంటే వారం మధ్యలో తెగిపోయి ఏ వారం క్యాపూ తగలదు. అదే ట్రావెల్‌కార్డు 42.70. సోమవారం దిగిన వాళ్ళకు ఈ తేడా లేదు, పాసు అక్కర్లేదు. పెళ్ళికి ముహూర్తం చూసినట్టు వారం చూసుకోమంటున్నాను, అంతే.

మాకు మాత్రం లండన్‌ను చూపించింది బస్సే. ట్యూబ్ అనే భూగర్భ రైలు వేగంగా పోతుంది గానీ మెట్లు, సొరంగాలు, ఒక లైను నుంచి ఇంకో లైనుకు అర కిలోమీటరు నడక. బస్సు ఛార్జీ 2023 మార్చిలో 1.75 పౌండ్లు అయింది, మేమున్న మూడు వేసవుల్లోనూ అదే. ఎంత దూరమైనా అదే. మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఇంకో బస్సు ఎక్కితే, ఇంకోటి ఎక్కినా, అదనంగా పైసా లేదు. రోజంతా బస్సుల్లోనే తిరిగితే 5.25, అంటే మూడు టికెట్ల డబ్బుతో ఆగిపోయేది. వారానికైతే 24.70.

మా మామూలు దారి ఇది. పదింటికి టిఫిన్ చేసి ఈస్ట్ హామ్‌లో ఒక బస్సు, మ్యానర్ పార్క్ దగ్గర దిగి 25 నంబరు. పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఇక సినిమాయే: స్ట్రాట్‌ఫర్డ్, మైల్ ఎండ్, వైట్‌చాపెల్ సంత, చివరికి సెయింట్ పాల్స్ గోపురం. అక్కడ 15 ఎక్కితే ట్రఫాల్గర్ స్క్వేర్. ఈయన కిటికీలోంచి చూస్తూ, "ఇదీ మన వన్‌టౌన్ లాంటిదే, సందులు తప్ప కొత్తేం లేదు" అంటారు. ఒక్క ఇబ్బంది చెప్పాలి. ట్రాఫిక్‌లో 25 నంబరు బస్సు ఏలూరు రోడ్డు మీద సిటీ బస్సులా నత్తనడక నడుస్తుంది. ఆ ఉచిత గంట బస్సులో కూర్చునే ఖర్చయిపోయి, 15 ఎక్కేసరికి మళ్ళీ 1.75 పడుతుంది. నాకు ఆ 1.75 పడ్డ రోజు పుస్తకంలో చుక్క పెట్టుకునేదాన్ని. చుక్కలు చాలానే ఉన్నాయి.

బస్సులో డబ్బు తీసుకోరు, 2014 జులై నుంచే మానేశారు. కండక్టరూ ఉండడు. ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. ట్యూబ్‌లో మటుకు లోపలికి పోయేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ తాకించాలి. మరిచిపోతే ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళామో యంత్రానికి తెలియదు కాబట్టి గరిష్ఠ ఛార్జీ కోసేస్తుంది.

ఆ దెబ్బ మాకు 2024లో తగిలింది. ఆ ఏడాది ఈయన ఆయిస్టర్ ఎందుకు దండగ, బ్యాంకు కార్డుంది కదా అన్నారు. నిజానికి ఆ మాట తప్పు కాదు. ట్యూబ్‌లో 2014 నుంచే బ్యాంకు కార్డు తాకించి వెళ్ళొచ్చు, ఛార్జీలూ క్యాపులూ అవే, కార్డు ఖర్చు మిగులుతుంది. కానీ పర్సులో రెండు బ్యాంకుల కార్డులు పక్కపక్కనే పెట్టుకుని, పర్సు తెరవకుండా గేటుకు ఆనించారు. లోపలికి ఒక కార్డు చదివింది, బయటికి రెండోది చదివింది. రెండు కార్డులకూ సగం సగం ప్రయాణాలు, రెండింటికీ గరిష్ఠ ఛార్జీలు. తప్పంతా మాదే. అల్లుడు ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టి తిరిగి రాబట్టాడు గానీ, ఆ వారం రోజులు ఈయన టెన్షన్ చూడాలి. అప్పట్నుంచి తాకించే కార్డును చొక్కా జేబులో విడిగా పెట్టుకుంటున్నారు. ఒక కార్డుతో ఇద్దరు వెళ్ళడం కుదరదు, ఎవరి కార్డు వాళ్ళకుండాలి.

బ్యాంకు కార్డుకు ఇంకో చిల్లు ఉంది. ఈయన కార్డు మీద విదేశీ ఖర్చుకు 3.5 శాతం, ఆ 3.5 మీద 18 శాతం జీఎస్టీ. నూరు పౌండ్లకు నాలుగు పౌండ్ల పైచిలుకు ఊరికే పోతుంది. వారం రోజులుండే వాళ్ళు దాన్ని పట్టించుకోనక్కర్లేదు, కొత్త ఆయిస్టర్ కొనేకంటే ఇదే చవక. నాలుగు నెలలుండే మాకు ఆయిస్టరే మేలనిపించింది, అదీ అమ్మాయి అక్కడి కార్డుతో డబ్బు వేస్తుంది కాబట్టి. ఇక్కడినుంచి బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోవాలి. 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల కొత్త కార్డులకు అవి ఆఫ్‌లోనే వస్తాయి. గేటు ముందు నిలబడి, వెనక ఇరవైమంది తొందరపడుతుంటే, ఓటీపీ గుంటూరు సిమ్‌కు వచ్చే పరిస్థితి తెచ్చుకోకండి.

అరవై దాటినవాళ్ళకు లండన్‌లో ఉచిత కార్డు ఉందని బ్రాడీపేటలో ఎవరో చెబితే నేనూ ఆశపడ్డాను. అది లండన్‌లో నివాసముండే వాళ్ళకే, చుట్టపుచూపుగా వెళ్ళిన మనకు కాదు. మనకు దొరికేది సీనియర్ రైల్‌కార్డు. అరవై నిండిన ఎవరైనా పాస్‌పోర్టు చూపి కొనుక్కోవచ్చు. 2024లో ఏడాదికి 30 పౌండ్లు, ఇప్పుడు 35. దీన్ని స్టేషన్‌లో సిబ్బందికి చూపిస్తే మన ఆయిస్టర్‌కు కలిపి పెడతారు. రద్దీ లేని వేళల్లో ట్యూబ్ ఛార్జీలో, రోజు క్యాప్‌లో మూడో వంతు తగ్గుతుంది. రద్దీ వేళలంటే పనిదినాల్లో ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. పదింటికి బయల్దేరే మా బోటి వాళ్ళకు ఇది అచ్చొచ్చిన బేరం. బ్యాంకు కార్డుకు ఇది కలవదు, బస్సుకు వర్తించదు. ఒక్కో ట్యూబ్ ప్రయాణానికి సుమారు పౌండు మిగిలేది. ముప్ఫై ప్రయాణాలు చేస్తేగాని పెట్టిన డబ్బు రాదు. నేను గుళ్ళకూ పార్కులకూ తిరుగుతాను కాబట్టి నాకొక్కదానికే తీసుకున్నాను. ఆక్స్‌ఫర్డ్, బాత్ లాంటి ఊళ్ళకు రైల్లో వెళ్ళినప్పుడు కూడా మూడో వంతు తగ్గింది, అసలు లాభం అక్కడే వచ్చింది. మనవరాలికి పదకొండు నిండలేదు, పెద్దవాళ్ళతో ట్యూబ్ కూడా ఉచితమే. ఇంట్లో అందరికంటే దర్జాగా తిరిగింది అదే.

విమానాశ్రయం సంగతి ఒక్క ముక్క. హీత్రో నుంచి ఊళ్ళోకి మూడు రకాల రైళ్ళున్నాయి, మూడింటికీ కార్డు తాకించొచ్చు, ధరలు మాత్రం వేరు. పికడిలీ లైను 2023, 2024ల్లో 5.60. ఎలిజబెత్ లైనుకు దాని రెట్టింపు దాటుతుంది. హీత్రో ఎక్స్‌ప్రెస్ అప్పటికప్పుడు ఎక్కితే మేం వెళ్ళిన రోజుల్లో 25, అది ఏ క్యాప్‌లోకీ రాదు.

2025లో నాలుగు రోజులు పారిస్ వెళ్ళాం. అక్కడా ఈయన వారం పాసు అన్నారు. నావిగో (అక్కడి రవాణా కార్డు) వారం పాసు అప్పట్లో 31.60 యూరోలు, విమానాశ్రయంతో సహా అన్ని జోన్లూ వస్తాయి, చూడ్డానికి మంచి బేరం. కానీ అదీ సోమవారం నుంచి ఆదివారం వరకే. మేం దిగింది శుక్రవారం. శుక్రవారం నుంచి వచ్చే వారం పాసే అమ్ముతారు. ఫొటో అంటించే కార్డుకు మళ్ళీ 5 యూరోలు. చివరికి 2 యూరోల నావిగో ఈజీ కార్డులు చెరొకటి కొని, మెట్రోకు రెండున్నర, బస్సుకు రెండు యూరోల చొప్పున టికెట్లు వేయించుకుని తిరిగాం. పారిస్‌లో ఆ టికెట్లకు లండన్‌లోలా రోజు క్యాప్ తగలదు. ఎన్నిసార్లు ఎక్కామో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

2025 ఆగస్టు 15 నుంచి మన దగ్గర ఆడవాళ్ళకు ఆర్టీసీ ఉచితమయ్యాక, బెజవాడ వెళ్ళాలంటే ఆధార్ చూపించి ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తున్నాను. కండక్టరు సున్నా టికెట్ చేతిలో పెడితే ఈయన పక్కన కూర్చుని తన టికెట్‌కు డబ్బులిస్తూ నా వంక చూస్తారు. ఆ చూపు ముందు లండన్ రైల్‌కార్డు ఎందుకూ కొరగాదు.

ఆయిస్టర్‌లో వేసిన డబ్బుకు గడువు లేదు. అందుకే ఈయన కార్డు మాతోపాటు గుంటూరు వచ్చేసింది. తగ్గింపు ఏదీ కలపని మామూలు కార్డును వేరేవాళ్ళకు ఇవ్వొచ్చు. మా వీధిలో ఇప్పటికి మూడు కుటుంబాలు దాన్ని పట్టుకెళ్ళి తెచ్చాయి. ప్రస్తుతం ఎదురింటి మాస్టారి దగ్గరుంది, వాళ్ళబ్బాయి దగ్గరకు వెళ్ళారు. ఇచ్చేటప్పుడు అందులో 6 పౌండ్ల 40 పెన్నీలున్నాయి. పుస్తకంలో రాసుకున్నాను.