ఈకోర్ట్స్ యాప్: వాయిదా కోసం ఎవరి ఫోన్ కోసమూ ఎదురుచూడక్కర్లేదు

మావారు లారీ నడుపుతారు. చిట్టీ బాకీకి ఇచ్చిన చెక్కు బౌన్సయి ఆయన మీద 138 (చెక్కు బౌన్సు సెక్షన్) కేసు పడింది. ఆయన ఎప్పుడూ లైన్ మీదే ఉంటారు కాబట్టి వాయిదాలు చూసుకునేది నేనే. అందుకు నేను వాడేది ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్. పైసా ఖర్చు లేదు. కేసు నడుస్తున్న ప్రతి ఇంట్లో ఒక్క ఫోన్‌లోనైనా ఇది ఉండాలి.

ఇంతకుముందు వకీలు ఆఫీసు నుంచి కబురొస్తేనే మాకు వాయిదా తెలిసేది. ఒకసారి అక్కడివాళ్లు తేదీ తప్పు చెప్పారు. కోర్టులో పేరు పిలిచినప్పుడు మావారూ లేరు, ఆయన తరఫున పిటిషనూ లేదు. ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్‌బెయిలబుల్ వారెంటు, ఇచ్చేశారు. కానిస్టేబుల్ గుమ్మం ముందు నిలబడేదాకా ఆ సంగతే మాకు తెలియదు. 138 బెయిలబుల్ నేరమే కదా, మరి నాన్‌బెయిలబుల్ వారెంటు ఎలా వచ్చిందని చాలామంది అడుగుతారు. నేరం సంగతి వేరు, వారెంటు సంగతి వేరు. బెయిలబుల్ వారెంటు మీద పూచీకత్తు ఇస్తే వదిలేయమని కోర్టే రాస్తుంది. ఎన్‌బీడబ్ల్యూలో ఆ మాట ఉండదు. మనిషిని తీసుకెళ్లి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాల్సిందే.

అలాగని రాకపోతే చాలు, వారెంటే అని చట్టం అనలేదు. సమన్లు సరైన సమయానికి అందినట్టు రుజువుండి, సరైన కారణం చెప్పకుండా రాకపోతే ఇవ్వొచ్చు. పరారయ్యాడనో, సమన్లకు లొంగడనో కోర్టు నమ్మినా ఇవ్వొచ్చు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ఇది సెక్షన్ 87, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 90. హాజరవుతానని బాండు రాసిచ్చి రాకపోయినా అరెస్టు చేయించే అధికారం ఉంది. పోలీసులు కాకుండా ఫిర్యాదుదారే నేరుగా కోర్టులో వేసే మాలాంటి ప్రైవేటు ఫిర్యాదు కేసుల్లో ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంటు, కావాలనే తప్పించుకుంటున్నాడని తేలాకే ఎన్‌బీడబ్ల్యూ అని 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వారెంటు రద్దు చేయమని వేసే రీకాల్ పిటిషన్‌లో మా కొత్త లాయరు గారు ఇవే రాశారు.

ఇక యాప్ సంగతి. కేసుకి 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. అది ఒక్కసారి కొట్టి 'మై కేసెస్'లో దాచుకుంటే చాలు. నేను ఎక్కువగా చూసేది కేస్ హిస్టరీ. వాయిదాలన్నీ వరసగా ఉంటాయి, పక్కనే ఏ పని మీద పెట్టారో ఉంటుంది. తేదీ మీద నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు మూడు వాక్యాల్లో వస్తుంది. 'అక్యూజ్డ్ ఆబ్సెంట్, ఇష్యూ ఎన్‌బీడబ్ల్యూ' లాంటి ముక్క కనబడితే కానిస్టేబుల్ వచ్చేదాకా ఆగకండి. ఆ వారెంటు దానంతటది చెల్లిపోదు. అమలయ్యేదాకా, లేదా కోర్టు రద్దు చేసేదాకా బతికే ఉంటుంది. వెంటనే లాయరుని పట్టుకుని, మనిషిని కోర్టుకి తీసుకెళ్లి రీకాల్ వేయించండి.

రద్దయ్యాక కూడా ఒక పని ఉంది. ఆర్డరు కాపీ తీసుకోండి, మావారు దాన్ని లారీ కాగితాలతో పాటే పెట్టుకుంటారు. రద్దయిన వారెంటు మీదే ముంబైలో ఒక లాయరుని అరెస్టు చేశారు. ఆ కేసులో 2011లో సుప్రీంకోర్టు, వారెంటు రద్దు చేస్తే ఆ ఆర్డరు పోలీసులకు పంపి వారెంటును వెనక్కి తెప్పించాలని కోర్టులకు చెప్పింది. అయినా లైన్ మీద తిరిగే మనిషి జేబులో కాగితం ఉంటే ఇంట్లో మాకు టెన్షన్ ఉండదు.

కోర్టు సిబ్బంది ఎక్కిస్తేనే తేదీ యాప్‌లో కనబడుతుంది. అందుకని వాయిదా ముందు రోజు సాయంత్రం కాజ్ లిస్టు (మర్నాడు కోర్టులో పిలిచే కేసుల జాబితా) కూడా చూడాలి. మావారు రాలేరని తేలితే ఆ రాత్రే లాయరు గారికి ఫోన్ చేస్తాను, పొద్దున కేసులు వరసగా పిలిచే కాల్‌వర్క్‌లో ఆయన 317 పిటిషన్ (ఈ రోజుకి హాజరు మినహాయించమని) వేస్తారు. ఆ సెక్షన్ ఇప్పుడు 355 అయినా కోర్టులో ఇంకా 317 అనే అంటున్నారు.

నా రేటింగ్ ఐదుకి ఐదు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు ECOURTS అని టైప్ చేసి, ఖాళీ వదిలి, సీఎన్‌ఆర్ నంబరు కొట్టి 9766899899కి మెసేజ్ పెట్టినా కేసు వివరాలు వస్తాయి.