ప్లూరసీకి ఏ కోడ్: ఆర్ 09.1, జె 90, ఏ 15.6?

గుంటూరులో మా అమ్మమ్మకు ఇవన్నీ ఒకటే: "నిమ్ము చేసింది". ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలో పొడిచినా నిమ్మే, న్యుమోనియా వచ్చినా నిమ్మే. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కూర్చుని అమెరికా రోగుల చార్టులు చూసి, ఒక్కో జబ్బుకు ఐసీడీ 10 జాబితాలోని కోడ్ వేసే నాకు ఆ సుఖం లేదు.

ముందు చూడాల్సింది నీరు. ఊపిరితిత్తుల పొర వాచి (అదే ప్లూరసీ), నీరు చేరకపోతే ఆర్ 09.1. ఆ పొరల మధ్య నీరు చేరి, కారణం ఇంకా తేలకపోతే జె 90. రెండూ కలిపి వేయకూడదు. కొత్తవాళ్ల చెయ్యి జె 90 వైపే పోతుంది. ఆర్ అంటే లక్షణాల కోడ్, తేలిక అనే చిన్నచూపు. నాకూ ఉండేది. ఒక ఇన్‌పేషెంట్ చార్టులో ఎక్స్‌రే రిపోర్ట్‌లో "కొద్దిగా నీరు" అని చూసి జె 90 వేసేశాను. వైద్యం చేసిన డాక్టర్ మాత్రం ప్లూరసీ అనే రాశారు. ఆడిట్‌లో ఎర్రర్ పడింది. రిపోర్ట్ చూసి నేను డయాగ్నోసిస్ తేల్చకూడదు, డాక్టర్‌కు క్వెరీ పెట్టాలి.

దీనికి ఎదురు కేసూ ఉంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఛాతీ కింది మూల పూడినట్టు కనిపించాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు చేరాలి. అంతకంటే చాలా తక్కువ ఉన్నా అల్ట్రాసౌండ్ పట్టేస్తుంది. కాబట్టి ఎక్స్‌రే క్లియర్‌గా ఉందంటే నీరు లేనట్టు కాదు.

అసలు తలనొప్పి టీబీతో. తీసిన నీటిలో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎక్కువగా ఉండి, ఏడీఏ అనే ఎంజైమ్ లీటరుకు 40 యూనిట్లు దాటితే మన దగ్గర డాక్టర్ల అనుమానం ముందు టీబీ మీదికే పోతుంది. చార్టులో "టీబీ ప్లూరసీ కావచ్చు" అని ఉందనుకోండి. అవుట్‌పేషెంట్ అయితే టీబీ ప్లూరసీ కోడ్ ఏ 15.6 వేయకూడదు, ఖాయంగా తెలిసిన నీటికి జె 90 వేసి ఆగాలి. అదే మాట ఇన్‌పేషెంట్ డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటే, ఖాయమైనట్టే లెక్కేసి ఏ 15.6 వేయాలి. అప్పుడు జె 90 పక్కన పెట్టకూడదు. ఒకే వాక్యానికి రెండు కోడ్‌లేమిటని మొదట్లో నాకు నవ్వొచ్చేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ 10లో ల్యాబ్ రుజువు లేని టీబీ ప్లూరసీకి ఏ 16.5 అని వేరే కోడ్ ఉంది. అమెరికా వెర్షన్‌లో ఏ 16 అనేదే లేదు. ఇక్కడి పుస్తకం చదివి అక్కడి చార్టుకు కూర్చుంటే తడబడేది ఈ చోటే.

కాగితం మీద ప్లూరసీ అని మాత్రమే ఉంటే నేను ఆర్ 09.1 వేస్తాను. దానికి ఛాతీ నొప్పి కోడ్ తోడు అక్కర్లేదు, ఆ నొప్పి ప్లూరసీలోదే.