ఇద్దరు బోధకుల కొడుకులు
అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడినవాళ్లలో మార్టిన్ లూథర్ కింగ్ అహింస బాట పట్టారు, మాల్కం ఎక్స్ దాన్ని ఒప్పుకోలేదు. ఈ తేడా పెంపకంలోంచి వచ్చిందా? ఇద్దరి తండ్రులూ బాప్టిస్టు క్రైస్తవ బోధకులే. పోలిక అక్కడితో సరి. అట్లాంటాలో కింగ్‌కు నిలకడైన ఇల్లు, చర్చి అండ ఉన్నాయి. చెప్పుల దుకాణంలో నల్లవాళ్లని వెనక సీట్లకు వెళ్లమంటే తండ్రి ఏమీ కొనకుండా, కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. చెయ్యెత్తకుండా ఎదిరించడాన్ని ఆ పిల్లవాడు కళ్లారా చూశాడు.

మాల్కం చూసింది 1929లో లాన్సింగ్‌లో తగలబడుతున్న సొంత ఇల్లు. 1931లో తండ్రి ట్రాము కింద పడి చనిపోయాడు. తెల్లవాళ్ల పనేనని కుటుంబం నమ్మింది. తర్వాత తల్లి మానసిక చికిత్సాలయానికి, పిల్లలు తలో ఇంటికి. అలా పెరిగినవాడికి రెండో చెంప చూపమంటే ఎక్కుతుందా?

అయితే అంతా పెంపకమేననీ అనలేను. 1956లో మాంట్‌గోమరీలో ఇంటిపై బాంబు పడ్డాక కింగ్ తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు చేశారు. అహింస ఆయనకు వంటబట్టింది, బస్సుల్లో వర్ణవివక్షకు నిరసనగా అక్కడి నల్లవాళ్లు చేసిన బస్సుల బహిష్కరణ నడుస్తుండగానే.