ఏరి కట్టించిన వేట రైఫిల్: 5 సీజన్ల వాడకం తర్వాత విడిభాగాల సంగతి

ముందు ఏమేం వాడానో చెప్తాను. రెమింగ్టన్ 700 కొలతలకు సరిపోయే షార్ట్ యాక్షన్ (బోల్ట్, అంటే తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ, ఆడే ఉక్కు భాగం), 6.5 క్రీడ్‌మూర్ తూటాకు చాంబర్ (తూటా కూర్చునే చోటు), 22 అంగుళాల స్టెయిన్‌లెస్ బ్యారెల్ (గొట్టం), ఫైబర్‌గ్లాస్ స్టాక్ (వీటిని పట్టి ఉంచే పిడి), విడిగా కొన్న ట్రిగ్గర్, 30 మిల్లీమీటర్ల ట్యూబున్న 2.5-10 స్కోపు. అన్నీ కలిపి బరువు 3.6 కిలోలు. 5 సీజన్లలో 1,200 పైచిలుకు రౌండ్లు కాల్చాను. బ్యారెల్ ఇబ్బంది పెట్టలేదు, యాక్షన్ కూడా పెట్టలేదు. గుండు పక్కకు పోయిన ప్రతిసారీ తప్పు రెండు భాగాలు కలిసే చోటే దొరికింది. డబ్బంతా బ్యారెల్ మీద పెట్టి, దాన్ని పట్టి ఉంచే వాటి దగ్గర చేయి బిగబట్టేవాళ్లు ఇది గమనించాలి.

బ్యారెల్ కొనేముందు ఏ బరువు గుండు వాడతారో తేల్చుకోండి. ట్విస్ట్, అంటే బ్యారెల్ లోపలి గాడుల మెలిక, దాన్ని బట్టే ఉంటుంది. 6.5లో 140 గ్రెయిన్ల పొడవాటి గుండ్లకు 8 అంగుళాలకు ఒక చుట్టు సరిగ్గా సరిపోతుంది. సీసం లేని పూర్తి రాగి గుండు అదే బరువులో ఇంకా పొడవుంటుంది కాబట్టి దానికి ట్విస్ట్ నెమ్మదిగా ఉంటే కుదరదు. బ్యారెల్ పొడవు ఒక అంగుళం తగ్గిస్తే గుండు వేగం సెకనుకు సుమారు 20 నుంచి 30 అడుగులు తగ్గుతుంది. పొదల్లో తిరిగే తుపాకీకి ఆ నష్టం పెద్ద లెక్క కాదు. 22 అంగుళాలు దాటితే మాత్రం కొమ్మలకు తగలడం ఖాయం.

సన్నటి బ్యారెల్ మీద అపోహ ఒకటుంది, 5 గుండ్ల గ్రూపు చెదిరితే బ్యారెల్ పనికిరాదని. వేటలో లెక్కలోకి వచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి గుండు. ఒకే కాగితాన్ని దాచుకుని, వేర్వేరు రోజుల్లో రోజుకు ఒక్క గుండు చొప్పున 10 కాల్చండి. ఆ పదీ చేసిన గుంపే మీ రైఫిల్ అసలు సత్తా. వరుసగా కాల్చిన గ్రూపులో నాలుగో గుండు నుంచి ఒకే దిక్కుకు పాకుతూ పోతే అది వేడి వల్ల. రెండు చోట్ల రెండు గుంపులుగా పడితే మాత్రం అనుమానం బ్యారెల్ మీద కాదు, స్టాక్ మీద పెట్టండి.

స్టాక్ దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుతాను. చెక్క అందంగా ఉంటుంది, తేమకు ఉబ్బుతుంది, ముందుభాగం వంగి బ్యారెల్‌ను తాకుతుంది. అచ్చు పోసిన చవక ప్లాస్టిక్‌కు తేమ భయం లేదు గానీ ముందుభాగం మెత్తన. రెండు కాళ్ల బైపాడ్ మీద ఆనించి బరువు వేస్తే వంగి బ్యారెల్‌కు ఆనుతుంది. ఫైబర్‌గ్లాస్‌లో ఈ రెండు బాధలూ తక్కువ. ఏది కొన్నా యాక్షన్ కూర్చునే చోట అల్యూమినియం పిల్లర్లు (స్క్రూలు దూరే గొట్టాలు) ఉండాలి, ఎపాక్సీ బెడ్డింగ్ (యాక్షన్ కింద దాని ఆకారానికి అచ్చుగా ఎపాక్సీ పోయడం) చేయించాలి. తన్నును స్టాక్‌కు అందించే పలక రికాయిల్ లగ్. దానికి ముందు, పక్కల, అడుగున టేపు అంటించి పోస్తారు. టేపు తీసేశాక ఆ మూడు వైపులా సన్నని సందు మిగులుతుంది, వెనక ముఖం ఒక్కటే గట్టిగా ఆనుతుంది. టేపు లేకుండా పోస్తే లగ్ అన్ని వైపులా ఇరుక్కుని, విప్పి బిగించిన ప్రతిసారీ కొత్త చోట కూర్చుంటుంది.

బెడ్డింగ్ బాగుందో లేదో వేలితోనే తెలుస్తుంది. ఖాళీ రైఫిల్‌ను మడమ (స్టాక్‌లో భుజానికి ఆనే కొస) మీద నిలబెట్టి, స్టాక్ ముందు కొస బ్యారెల్‌ను దాటే చోట రెండింటి మీదా పడేలా చూపుడువేలు కొసను ఆనించండి. రెండో చేత్తో ముందు స్క్రూను నెమ్మదిగా వదులు చేసి మళ్లీ బిగించండి. వేలి కింద ఏమీ కదలకపోతే యాక్షన్ ఒత్తిడి లేకుండా కూర్చున్నట్టు. బ్యారెల్ పైకి లేచినట్టు, దిగినట్టు తెలిస్తే యాక్షన్ వంగుతోందన్నమాట. పిల్లర్లున్న స్టాక్‌కు నేను రెండు స్క్రూలనూ 65 అంగుళం-పౌండ్లకు బిగిస్తాను. ఉత్త చెక్కకు అంత బిగువు పెట్టొద్దు, చెక్క నలిగిపోతుంది.

చాలామంది చూడనిది మ్యాగజైన్ పెట్టె. స్క్రూలు బిగించాక కూడా ఆ రేకు పెట్టె పైకీ కిందికీ వెంట్రుకవాసి ఆడాలి. ఆడకపోతే యాక్షన్ పెట్టె మీద కూర్చుంది, బెడ్డింగ్ మీద కాదు. పెట్టె అంచును ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తే సరిపోతుంది. బెల్టు తగిలించే ముందువైపు స్టడ్ స్క్రూ లోపలికి పొడుచుకొచ్చి బ్యారెల్‌ను తాకడం ఇంకో పాత జబ్బు. బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య సన్నటి కాగితం స్టాక్ కొస నుంచి యాక్షన్ దాకా తట్టకుండా జారాలి.

స్కోపు బేసును (స్కోపు రింగులు కూర్చునే పట్టీని) యాక్షన్‌కు బిగించే స్క్రూలు ఈ యాక్షన్‌లో నాలుగూ ఒకే పొడవు కావు. అన్నిటికంటే ముందున్నది పొడవైతే దాని కొస బ్యారెల్ మరల మీద ఆగుతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, బేసు మాత్రం వదులుగానే ఉంటుంది. రెండోది పొడవైతే బోల్ట్ లగ్‌కు (బోల్ట్‌ను తాళంలా పట్టే పంటికి) తగిలి బోల్ట్ పట్టేస్తుంది. కాబట్టి ఒక్కో స్క్రూతో విడిగా బేసును బిగించి కదిపి చూడండి. మరలకు నూనె తుడిచి, తర్వాత విప్పగలిగే నీలం రంగు లాక్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వేయండి. రింగుల పైమూతలకు 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు చాలు. అంతకు మించితే ట్యూబు నొక్కుకుపోయి లోపలి జూమ్ బిగుస్తుంది. పికటినీ రైలు (అడ్డ గాడులున్న బేసు) వాడితే రింగులను ముందుకు నెట్టి పట్టుకుని బిగించాలి. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది, బరువున్న స్కోపు ఉన్న చోటే ఉండాలని చూస్తుంది. ముందు ఖాళీ ఉంచి బిగిస్తే మొదటి కొన్ని గుండ్లకే జీరో (సరిచేసి పెట్టుకున్న గురి) జరుగుతుంది.

స్కోపు పెద్దది అక్కర్లేదు. కంటికి కనీసం 90 మిల్లీమీటర్ల దూరం ఇచ్చేది తీసుకోండి. తేలిక రైఫిల్ తన్ను ఎక్కువ, కనుబొమ తెగుతుంది.

ట్రిగ్గర్ విషయంలో నా మాట నచ్చని వాళ్లుంటారు. వేటకు 2.5 పౌండ్ల కంటే తక్కువ పెట్టొద్దు. చలికి మొద్దుబారిన వేలికి, చేతితొడుగుకు అంతకంటే తేలికైనది ప్రమాదం. సర్దిన తర్వాత ఖాళీ రైఫిల్‌లో బోల్ట్‌ను గట్టిగా కొట్టి మూయండి, మడమను రబ్బరు చాప మీద తట్టండి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి వదిలి ఆపై సేఫ్టీ తీయండి. ఈ మూడింటిలో ఒక్కసారి స్ట్రైకర్ (తూటాను పేల్చే సూది) పడినా ఆ ట్రిగ్గర్ వాడకూడదు. ఇక నూనె. బోల్ట్ నుంచి కారిన నూనె ట్రిగ్గర్‌లోకి దిగి దుమ్ముతో జిగురవుతుంది, చలికి గడ్డకడుతుంది. సీజన్‌కు ముందు సిగరెట్ లైటర్ ద్రవంతో కడిగి ఆరనిచ్చి పొడిగానే వదిలేయండి. ఈ 5 సీజన్లలో ట్రిగ్గర్ ఒక్కసారే మొరాయించింది, కారణం అదే.

బ్యారెల్ బిగింపు, హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆగే చోటికీ మధ్య దూరం) మాత్రం ఇంట్లో చేసే పని కాదు. ఆ దూరాన్ని గో, నో-గో గేజ్‌లతో (సరిపోయిందో లేదో చెప్పే కొలత ముక్కలతో) చూసే లైసెన్సున్న గన్‌స్మిత్‌కే ఇవ్వండి. బోల్ట్ మార్చినా మళ్లీ ఆయన దగ్గరికే. ఒకే కంపెనీ బోల్ట్ అయినా కొలత మారొచ్చు, మారితే కార్ట్రిడ్జ్ కేసు వెనకభాగం దగ్గర చీలుతుంది.

మళ్లీ కట్టించాల్సి వస్తే బ్యారెల్, ట్రిగ్గర్, స్టాక్ ఇవే తీసుకుంటాను. మార్చేది ఒక్కటే, రెండు ముక్కల బేసు బదులు ఒకే ముక్క రైలు. దాన్ని కూడా ముందు రెండు స్క్రూలతో బిగించి వెనక కొస లేస్తుందేమో చూసి, లేస్తే ఆ సందును ఎపాక్సీతో నింపాకే పూర్తిగా బిగిస్తాను.