పాత టకుమార్ కెమెరా లెన్స్ కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు తెల్లకాగితం మీద పెట్టి చూడండి

పోయిన నెల తిరుపతిలో ఒకాయన దగ్గర పెంటాక్స్ కంపెనీ పాత సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4 లెన్స్ 9,500 రూపాయలకు కొన్నాను. ఫంగస్ లేదు, గీతల్లేవు, అద్దం నీళ్లలా ఉందన్నాడు. ముందుగా పంపిన ఫోటోలన్నీ పసుపు బల్బు వెలుగులో తీసినవే. అప్పుడు నాకు అనుమానం రాలేదు.

మరుసటి రోజు చంద్రగిరి కోటకు తీసుకెళ్లాను. కెమెరా రంగుల్ని తనే సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్‌లో ఏమీ తెలియలేదు. అలా సరిచేయని డేలైట్ సెట్టింగ్‌కు మార్చగానే మిట్టమధ్యాహ్నపు ఆకాశం పొద్దుగూకినట్టు వచ్చింది. కెమెరా నుంచి లెన్స్ తీసి కాగితం మీద పెడితే అద్దం టీ రంగులో ఉంది. ఫోన్ చేస్తే, "పాత లెన్సంటే అంతేనన్నా" అని పెట్టేశాడు.

అది మురికి కాదు. ఈ లెన్స్‌లో ఏడు ఎలిమెంట్ల (లోపలి అద్దాల) రకానికి వెనకవైపు, రేడియేషన్ వెలువరించే థోరియం అనే లోహపు ఆక్సైడ్ కలిపిన గాజు వాడారు. కాంతిని బాగా వంచుతూనే రంగులు చెదరకుండా ఉంచుతుందని 1940ల నుంచి 1970ల దాకా చాలా కంపెనీలు అలాంటి గాజు వాడాయి. కెనాన్ ఎఫ్ఎల్ 58 ఎంఎం ఎఫ్ 1.2, కొడాక్ ఏరో ఎక్టార్ కూడా ఆ కోవలోవే. థోరియం రేడియేషన్ ఏళ్ల తరబడి తగిలి గాజు లోపలే రంగు మారుతుంది. థోరియం అర్ధాయుష్షు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) దాదాపు 1,400 కోట్ల సంవత్సరాలు కాబట్టి, పోగొట్టినా ఆ పసుపు మెల్లగా మళ్లీ వస్తుంది.

డబ్బు పోయిన బాధ కన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. రిపేరుకు చూపిస్తే "పాలిష్ కొడితే పోతుంది" అన్నారు. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. రంగు గాజు లోపల ఉంది, పాలిష్‌తో పోదు. పైగా ఆ పొడి ఊపిరితో లోపలికి వెళ్తే థోరియం ఒంట్లోనే ఉండిపోతుంది. కెమెరాకు బిగించి ఫోటోలు తీసుకోవడానికి టెన్షన్ అక్కర్లేదు, బయటికి వచ్చే మోతాదు చాలా తక్కువ. కానీ ఆ గాజును ఐపీస్‌లా (దూరదర్శినిలో కన్ను పెట్టి చూసే అద్దంలా) కంటికి ఆనించి వాడొద్దు. పగిలితే ముక్కలు పిల్లల చేతికి ఇవ్వొద్దు.

కొనేటప్పుడు పగటి వెలుగులో, తెల్లకాగితం మీద పెట్టి వీడియో కాల్‌లో చూపించమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

ఇప్పటికే కొనేసి ఉంటే అతినీలలోహిత కాంతి ఆ పసుపును తగ్గిస్తుంది. ముందువైపు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, వెనక అద్దాన్ని ఎండకు పెట్టండి. కిటికీ అద్దం వెనక పెడితే ఆ కాంతి కొంతవరకు ఆగిపోతుంది. ఫాయిల్ మాత్రం మరవొద్దు, ఎండ లెన్స్‌లోంచి ఒకచోట పడితే నిప్పంటుకుంటుంది. మన చిత్తూరు ఎండలకు లోపలి గ్రీజు కరిగి, వెలుగు ఎంత రావాలో నియంత్రించే బ్లేడ్ల మీదికి పాకుతుంది, అందుకే నేను ఉదయం పూటే పెడుతున్నాను. మిద్దె మీద పెట్టడం మొదలుపెట్టి పదకొండు రోజులైంది. కాగితం మీద ఇంకా లేత పసుపు కనిపిస్తూనే ఉంది.