సంఘం టీషర్టులకు అడ్వాన్సు వేస్తున్నారా? బెంగళూరు తెలుగు కుర్రాళ్లూ, జాగ్రత్త

వినాయక చవితి, ఉగాది దగ్గరపడితే మారతహళ్లి, బీటీఎం, కేఆర్ పురం వైపు మన సంఘాలు టీషర్టుల మీద పడతాయి. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో ‘హోల్‌సేల్ రేటు’ మెసేజ్‌లు తిరుగుతాయి. చూపించేది 180 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) కాటన్, దిగేది 140 పాలిస్టర్ కలిపిన గుడ్డ. అప్పటికి ఎనభై శాతం డబ్బు అమ్మేవాళ్ల చేతిలో, పండగ ఎల్లుండి. తిప్పి పంపే వ్యవధి లేకుండా చూసుకోవడమే వాళ్ల కిటుకు.

శాంపిల్ అడిగితే మంచిదే ఇస్తారు. దాని లోపలివైపు తేదీ వేసి, షాపువాడి సంతకం తీసుకుని అట్టిపెట్టండి. సరుకు దిగాక కట్ట మధ్యలోంచి ఒక చొక్కా లాగి, ప్రింటు లేనిచోట పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ముక్క కత్తిరించి, 0.01 గ్రాము దాకా చూపే చిన్న కాటా మీద పెట్టండి. 1.8 గ్రాములు తూగితే 180 జీఎస్ఎం. 1.4 తూగితే మీకంటగట్టింది 140. ఒక దారం వెలిగించి చూడండి: కాటనైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. తడి తెల్లగుడ్డతో ప్రింటు రుద్దినప్పుడు రంగు అంటిందంటే ఇంకుకు సరిపడా వేడి తగల్లేదు, రెండు ఉతుకుల్లో పోతుంది. ఈ పరీక్షకు ఒక చొక్కా బలి, కాబట్టి 60 మంది ఉంటే 61 చెప్పండి.

అసలు చిక్కు డబ్బు వేసే దగ్గరుంది. కొటేషన్ మీద ఒక షాపు పేరుంటుంది, పంపమనేది ఎవరి సొంత యూపీఐకో. స్కాన్ చేయగానే తెర మీద వచ్చే పేరు కొటేషన్‌తో కలవకపోతే అక్కడే ఆగండి. జీఎస్టీ నంబరులో అంకెలు, అక్షరాలు కలిపి 15 ఉంటాయి. కర్ణాటకదైతే 29తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరి పేరుందో, రద్దయిందో తెలిసిపోతుంది. ‘బిల్లు వద్దంటే ట్యాక్స్ మిగులుతుంది’ అంటారు. 320 రూపాయల చొక్కా మీద ట్యాక్స్ 5 శాతం, అంటే 16 రూపాయలు. 61కి 976. ఆ కాస్త మిగుల్చుకోబోయి 19,520 రూపాయలకు కాగితమే లేకుండా చేసుకుంటారు. రేపు గ్రూపులో ‘డబ్బులేమయ్యాయి?’ అని ఎవరైనా అడిగితే షాపువాడు కనపడడు, ట్రెజరర్ దొరుకుతాడు.

అందుకే చందాలు ట్రెజరర్ జీతం పడే ఖాతాలోకి రానివ్వకండి. ఈఎంఐ కోతల్లో కలిసిపోయిన డబ్బును ఎంత నిజాయితీపరుడైనా లెక్క చూపలేడు. ఇద్దరు సభ్యులు సంతకం చేస్తేనే డబ్బు కదిలే జాయింటు ఖాతా అన్నిటికన్నా మేలు. అలాంటి ఖాతాకు చాలా బ్యాంకులు యూపీఐ ఇవ్వవు, చెక్కే గతి, షాపువాడు మూతి ముడుస్తాడు. ముడవనివ్వండి. అది కుదరకపోతే సంఘం డబ్బుకు మాత్రమే వాడే విడి ఖాతా ఒకటి పెట్టి, ప్రతి ఆదివారం స్టేట్‌మెంటు గ్రూపులో వేయండి. స్క్రీన్‌షాట్ చాలదు, పీడీఎఫే వేయాలి. పేరు, సైజు, రూపాయలు, యూపీఐ రిఫరెన్సు నంబరు ఒకే షీటులో ఉంటే చాలు.

అసలు అడ్వాన్సే ఇవ్వబోమంటే పని జరగదు, గుడ్డ కొనడానికి వాళ్లకూ డబ్బు కావాలి. శాంపిల్ నచ్చాక 30 శాతం, మిగతాది సరుకు తూచాక. పండగకు కనీసం వారం ముందు డెలివరీ రాయించుకోండి.

డబ్బు తీసుకుని మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, రిఫరెన్సు నంబరు చేతిలో ఉంచుకుని. సరుకు నాసిరకమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రిజిస్టర్ కాని సంఘం కూడా ఫిర్యాదు చేయొచ్చు, సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సంతకమున్న శాంపిలూ, కత్తిరించిన ముక్కా, బిల్లూ అప్పటిదాకా పారేయకండి.