నాలుగు చలికాలాలు వాడిన కుక్క బూటీలు: గుడ్డతో గొడవ లేదు, పట్టీతోనే

స్కీజోరింగ్ అంటే కుక్క ముందు పరిగెడుతూ లాగుతుంటే మనిషి స్కీల మీద వెనక జారుతూ వెళ్ళడం. అది చేసేవాళ్ళు కుక్కకి కట్టే హార్నెస్ గురించీ మనిషి నడుము పట్టీ గురించీ ఎంతైనా మాట్లాడతారు. కుక్క కాళ్ళకి తొడిగే బూటీల దగ్గరికి వచ్చేసరికి "ఏవో ఒకటి కొనుక్కోండి" అని తేల్చేస్తారు. నేను వాడుతున్నవి 1000 డెనియర్ కోర్డ్యూరా గుడ్డవి, అంటే మందపాటి, గట్టి నైలాన్ గుడ్డవి. అడుగున రబ్బరు ఉండదు, కుడీ ఎడమా తేడా లేదు, పాదం పైన సన్నబడే చోట సాగే వెల్క్రో పట్టీ ఒకటి. గుడ్డకి పదికి తొమ్మిది మార్కులు. పట్టీకి నాలుగు, అదీ మొహమాటానికి.

మొదటి చలికాలంలో ఈ పట్టీనే తెగ మెచ్చుకున్నాను. ఇప్పుడు చూస్తే అందులో పట్టీ గొప్పేమీ లేదు. ఆ ఏడాదంతా మైనస్ 12, మైనస్ 15 డిగ్రీల చలి. మంచు ఇసకలా పొడిపొడిగా ఉంది. వెల్క్రో తడవనే లేదు, తడవనిది గడ్డ కట్టేదేముంది?

అసలు బండారం సున్నా డిగ్రీల దగ్గర బయటపడింది. ఆ వాతావరణంలో మంచు తడిగా, జిగటగా ఉంటుంది. వేళ్ళ సందుల్లో వెంట్రుకలకి పట్టుకుని ఉండలు కట్టేదీ అప్పుడే, అంటే బూటీల అవసరం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఎండలో నడిచినంతసేపూ పట్టీ నీళ్ళు పీలుస్తుంది. ట్రెయిల్ చెట్ల నీడలోకి మళ్ళగానే ఆ నీళ్ళు వెల్క్రో కొక్కేల మధ్య గడ్డ కడతాయి. దారిలో ఒకసారి విప్పి మళ్ళీ అంటిస్తే అంటుకున్నట్టే కనిపిస్తుంది. కానీ పట్టుకుని ఉన్నది కొక్కేలు కాదు, వాటి మీది మంచు పొర. నాలుగు గట్టి అడుగులు పడగానే అది పగులుతుంది, బూటీ వెనక ఎక్కడో పడిపోతుంది. లాగే ఊపులో ఉన్న కుక్క ఆగదు, స్కీల మీద ఉన్న మనిషికి కనిపించదు.

ఊడిపోతే బూటీ ఒక్కటే నష్టం. ఊడిపోతోందని మరింత బిగిస్తే అసలు నష్టం. సాగే పట్టీ కాబట్టి ఎంత లాగితే అంత వస్తుంది, వచ్చినంతా తిరిగి కాలిని నొక్కుతుంది. అలా బిగించిన బూటీ విప్పి చూస్తే తెలుస్తుంది: పట్టీ ఉన్నచోట వెంట్రుకలు ఉంగరంలా అణిగిపోయి, దాని కింద వేళ్ళు ఉబ్బి ఎడంగా విచ్చుకుని, మధ్య చర్మం ఎర్రగా ఉంటుంది. తాకితే ఆ పాదం మిగతా మూడింటికన్నా చల్లగా తగులుతుంది. రక్తం సరిగా ఆడక చలికి దెబ్బతినే మొదటి మెట్టు అది. వెంటనే విప్పేసి, పాదాన్ని అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబరచాలి. రుద్దకూడదు.

కొలత ఇది: పట్టీ కింద ఒక వేలు దూరాలి, బూటీ మాత్రం చేత్తో తిప్పితే గుండ్రంగా తిరగకూడదు. తొడిగే ముందు వేళ్ళ సందుల్లో మంచు దులిపి, వేళ్ళు ముందు కుట్టుదాకా వెళ్ళాయో లేదో గుడ్డ పైనుంచి తడిమి చూడాలి. ముందుకాలికి పట్టీ పక్కగోరు (పాదానికి కాస్త పైన, లోపలి పక్కన ఉండే గోరు) మీదికి ఎక్కకూడదు, ఎక్కితే ఒరుసుకుని పుండు పడుతుంది. బయల్దేరిన పావుగంటకి ఒకసారి ఆగి నాలుగూ చూడాలి. గ్లవ్స్‌తో ఈ పని కాదు, వేళ్ళు కొంకర్లు పోతాయని ముందే చెబుతున్నా.

పట్టీ జబ్బుకి దొరికిన మందు ఒక్కటే. విడి బూటీలు బ్యాగులో కాదు, జాకెట్ లోపలి జేబులో పెట్టుకోవాలి. తడిసిన దాన్ని దులిపి మళ్ళీ అంటించే ప్రయత్నం మానేసి, వెచ్చగా పొడిగా ఉన్నది తొడగడమే. ఇంటికొచ్చాక వెల్క్రోలో ఇరుక్కున్న వెంట్రుకల్ని గట్టి బ్రష్‌తో దువ్వి, ఆరేశాక పట్టీ మూసి దాచాలి. తెరిచి పడేస్తే నాలుగూ ఒకదానికొకటి అతుక్కుని, విడదీసేటప్పుడు కొక్కేలు పాడవుతాయి.

గుడ్డకి ఆ ఒక్క మార్కు తగ్గించింది వేళ్ళ దగ్గర పడే చిల్లులకి. అందులో సగం తప్పు గోళ్ళు కత్తిరించని యజమానిదే అనుకోండి. చిల్లు పడ్డ బూటీ లేనిదానికన్నా అన్యాయం: మంచు లోపలికి దూరి అక్కడే గడ్డై, అడుగడుక్కీ గులకరాయిలా గుచ్చుతుంది. చిన్న చిల్లుకైనా పారేయడమే. ఇంకోమాట, స్కీలకి లోహపు అంచులుంటే ఏ బూటీ కాపాడదు. అంచులేని స్కీలే వాడాలి.

నా లెక్కంతా 24 కిలోల పొట్టివెంట్రుకల కుక్కది, గంటన్నర మించని పరుగులది. ఒత్తు వెంట్రుకల కుక్కలకి పట్టీ ఇంత జారకపోవచ్చు, వేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించి మైనం రాస్తే చిన్న నడకలకి బూటీలే అక్కర్లేకపోవచ్చు. ఎప్పుడూ పొడి చలే ఉండే చోటయితే ఈ ఫిర్యాదులో సగం కొట్టేయండి. నేనైతే వచ్చే చలికాలానికీ ఇవే కొంటాను, కాకపోతే నాలుగు కాదు, పన్నెండు.